మాల్యవంత వెనుక సీటు

మాల్యవంత వెనుక సీటును గురించి ఫణీంద్ర మాష్టారు నెల రోజులైనా ఒక్క వాక్యం రాయలేకపోయారు.

తక్కిన మూడు బళ్లకూ రాశారు. ఐరావత మోటార్స్ వారు తమ క్రూజర్లకు, అంటే దూరప్రయాణపు మోటార్ సైకిళ్లకు, పురాణ పర్వతాల పేర్లు పెట్టారు. విశాఖలో ఆ బళ్ల షోరూమ్ నడిపే రవిబాబు ఒకప్పుడు మాష్టారి దగ్గర తెలుగు చదువుకున్నవాడు. అందుచేత తెలుగు కరపత్రం పని ఆయనకు అప్పగించాడు. మూడువందల యాభై సీసీల మలయకు సీటు నేలకు దగ్గర. పొట్టివారికైనా రెండు కాళ్లూ ఆనుతాయి. రెండు సిలిండర్ల వింధ్య ఘాట్‌రోడ్డు ఎక్కుతూ అలసట చూపదు. సహ్యకు ఒకే సీటు. దాని వెనుక మడ్‌గార్డు తప్ప ఏమీ లేదు. సహ్యను గురించి రాసేటప్పుడు మాష్టారి కలం ఎక్కడా ఆగలేదు.

నాలుగోది మాల్యవంత. గాలిని కాచే అద్దం, ఇరుపక్కలా పెట్టెలు, ఇరవై లీటర్ల ట్యాంకు, వెనుక కూర్చునేవారి వీపుకు దిండు. రామాయణంలో దేవి జాడ తెలియక స్వామి వర్షాకాలమంతా గడిపిన కొండ పేరును ఇద్దరు కూర్చునే బండికి ఎవరు పెట్టారో ఆయనకు తెలియదు. మాష్టారి భార్య సత్యకుమారి పోయి పద్నాలుగు నెలలు. ఏజెన్సీ బడుల్లో ఆయన పనిచేసిన ముప్పై ఏళ్లూ ఆమె ఆయన బండి వెనుక కూర్చునే ఈ కొండలన్నీ తిరిగింది. హోరుగాలిలో మాట వినబడదని భుజం తట్టేది. ఒకసారి తడితే నెమ్మది. రెండుసార్లయితే ఆపమని.

అరకులో బళ్ల ప్రదర్శన నాటికి కరపత్రంలో వెనుక సీటు గడి ఖాళీగానే అచ్చయింది.

"జనం నవ్వుతన్నారు మేష్టారూ," అన్నాడు రవిబాబు. "ఇంకో అచ్చుకైనా రాస్తారా, నన్నే రాసీమంటారా? నా తెలుగుకి మీరేసినవి పదమూడు మార్కులు."

"పదకొండే. రెండు జాలిపడి కలిపాను."

అప్పుడే ఒక ముసలమ్మ నెత్తిన మూటతో వచ్చి, వరుసగా నిలిపిన బళ్ల మధ్య నిలబడి చుట్టూ చూసింది. ఆమె దగ్గరలోని కొండ మీది ఊరి మనిషి, పేరు ఈశ్వరమ్మ.

"బాబూ, కూజరు ఏ యాలకి బయలెల్తాది?"

"ఇవేనమ్మా క్రూజర్లు," అన్నాడు రవిబాబు.

"ఇయ్యా? మరి పదిమంది ఎక్కడ కూకుంతారు? నీ నెత్తిమీదేటి?"

రవిబాబు పకపక నవ్వాడు. మాష్టారు నవ్వలేదు. ఈ కొండల్లో క్రూజరంటే పదిమందిని లోపల కుక్కి, ఇద్దరిని వెనుక వేలాడదీసుకుపోయే సర్వీసు జీపు. ఆ జీపుకు ఆయన కూడా వేలాడినవాడే. అయినా 'ఎంత మారుమూలకైనా హాయిగా చేర్చే క్రూజర్లు, శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు, ఉచిత సవారీ' అని పెద్ద అక్షరాలతో రాసినది ఆయనే. గత వారం సంతలో ఆ కాగితాలు పంచారు.

"మా మనవరాలు సదివింది. అది నమ్మి పొద్దుటి బస్సు ఒగ్గీసినాను," అంది ఈశ్వరమ్మ. ఆమె తమ్ముడు భీముడు పోయాడు. ముంచింగిపుట్టు దారిలోని అతని ఊళ్లో ఈరోజు అతని గుర్తుగా రాయి నిలుపుతారు. "అక్కనైన నాను రాయికి నీళ్లు పొయ్యాల. పొద్దు వాలిపోతే మరి ఆగరు. ఇంకెవులి సేతో పోయించీస్తారు."

మళ్లీ బస్సు సాయంత్రానికి గాని లేదు.

మాష్టారు లేచారు. "మాల్యవంత తాళం ఇవ్వు."

"అంత దూరమా? మీరా?"

"వెనుక సీటును గురించి రాయమన్నావు కదా."

రవిబాబు ఒక క్షణం ఆయన ముఖంలోకి చూసి తాళం ఇచ్చాడు.

హెల్మెట్ పెట్టగానే ఈశ్వరమ్మ, "ఈ బిందేటి పంతులూ, ఊపిరాడనీదు," అని విసుక్కుంది. మూటను పక్కపెట్టెలో పెట్టారు. దారిపొడుగునా ఆమె ఏదో చెబుతూనే ఉంది. గాలి సగం ఎత్తుకుపోయింది. తమ్ముడిని చిన్నప్పుడు వీపున కట్టుకుని కాఫీ పళ్లు ఏరిందట. మలుపుల్లో ఆయన చొక్కాను పిడికిట బిగించింది గాని భుజం ముట్టలేదు. పొద్దు వాలుతున్నకొద్దీ ఆయన వేగం పెంచారు. చాలాకాలానికి వెనుక ఒక మనిషి బరువు ఉంది. బండి ఆ బరువుతో మలుపుల్లోకి నిబ్బరంగా ఒరిగింది.

ఒక కల్వర్టు దాటగానే ఎడమ భుజం మీద రెండు తట్లు పడ్డాయి.

ఆయన బండి ఆపారు. వెంటనే వెనుదిరిగి చూడలేదు.

"ఇక్కడే పంతులూ. ఇదే మావోళ్ల వూరు."

మళ్ల అంచున జనం గుమిగూడి ఉన్నారు. రాయి ఇంకా నేల మీదే పడుకుని ఉంది. ఈశ్వరమ్మ హెల్మెట్ ఆయన చేతిలో పెట్టి, మూట తీసుకుని గట్టు వెంట దాదాపు పరుగెత్తింది. ఎవరో చెంబు అందించారు. ఆమె నీళ్లు పోయడం, పదిమంది పట్టి రాయిని లేపడం ఆయన రోడ్డు మీది నుంచే చూశారు. సత్యకుమారి పోయిననాడు ఆయన చేయవలసిన క్రియలన్నీ శాస్త్రోక్తంగానే జరిపించారు. ఇలా కళ్లెదుట నిలిచేది మాత్రం ఏదీ మిగలలేదు.

తిరుగుదారిలో బండి తేలికైపోయింది. ప్రతి మలుపుకూ ముందే నెమ్మదించి, తట్టే చేయి లేదని తెలిసి కూడా ఒక్క క్షణం ఆగి, అప్పుడు తిప్పారు.

అరకు చేరేసరికి రవిబాబు మూడు బళ్లను లారీ ఎక్కించి ఎదురుచూస్తున్నాడు. మాష్టారు కరపత్రం తీసి, ట్యాంకు మీద ఆనించి, ఖాళీ గడిలో రాశారు: 'వెనుక ఉన్నవారు భుజం తడితే ముందున్నవారికి తెలిసేటంత దగ్గర.'

రవిబాబు చదివి తలవంచుకున్నాడు. మెల్లగా, "దిండు మందం కూడా రాయాలి మేష్టారూ. కొనేవాళ్లు అడుగుతారు," అన్నాడు.

మాష్టారు వెళ్లి వెనుక సీటు దిండు అంచున నాలుగు వేళ్లు ఆనించి కొలిచారు. తోలు అప్పటికే చల్లబడింది.

"మూడంగుళాలు," అన్నారు. "రాసుకో."