వెన్నిల ఇంటి పడమటి తలుపు

ధర్మపురి దగ్గరి తమిళ ఊరు పాపారపట్టిలో, పెన్నాగరం రోడ్డు మీద వెన్నిలకు ఒక చిన్న ఇల్లుంది. ముందుగదిలో రెండు కుట్టుమిషన్లు వేసుకుని ఆడవాళ్ళ జాకెట్లు కుడుతుంది. ఆ గది తలుపు నేరుగా రోడ్డు మీదికి, పడమటి దిక్కుకి తెరుచుకుంటుంది. నాలుగు పలకలు బిగించిన పాత వేపచెక్క తలుపు. నాలుగేళ్ళలో దానికి మూడుసార్లు రంగు వేయించింది వెన్నిల. మూడుసార్లూ ఏడాది తిరక్కుండానే రంగు పొక్కులెక్కి, అప్పడంలా విరిగి ఊడిపోయింది.

శివరాత్రి దాటిన వారంలో కన్నప్పన్ మేస్త్రీని మళ్ళీ పిలిపించింది. ఈసారి అతనితో మారియాయి కూడా వచ్చింది. మారియాయికి నలభై దాటాయి. కన్నప్పన్ దగ్గర పద్నాలుగేళ్ళుగా పని చేస్తోంది. పాత రంగు గీకడం, గరుకు ఉప్పుకాగితంతో రుద్దడం, డబ్బాలు మోయడం, బ్రష్షులు కడగడం ఆమె పని. ప్రహరీగోడలకు సున్నం వేయమంటే వేసేది. తలుపులకూ కిటికీలకూ మెరుపు రంగు వేసే బ్రష్షు మాత్రం ఎన్నడూ ఆమె చేతికి రాలేదు. అందులో కన్నప్పన్ దుర్మార్గమేమీ లేదు. ఆ పనిలో ఆడవాళ్ళకు అంతవరకే అని అందరూ అనుకునేవారు, అతనూ అనుకున్నాడు.

కన్నప్పన్ తలుపును పైకీ కిందకీ చూసి, పైపైన రుద్ది రెండు పూతలు వేస్తే రేపు సాయంత్రానికి అయిపోతుందని వెన్నిలతో తమిళంలో చెప్పాడు. ఎల్లుండి అతనికి పాపిరెడ్డిపట్టి అనే ఇంకో ఊళ్ళో కొత్త ఇంటి పని మొదలవుతుంది. అతను ఫోన్లో మాట్లాడుతూ రోడ్డు దాటాడు. మారియాయి రంగు గీకే రేకుబిళ్ళ తీసుకుని తలుపు అడుగుభాగం గీకడం మొదలుపెట్టింది.

పైన నీలం. దాని కింద కాఫీ రంగు. దాని కింద సిమెంటు రంగు. ఆ మూడు పొరలూ ఒక్క ఊపున ఊడి ఆమె కాళ్ళ మీద పడ్డాయి. కింద చెక్క నల్లగా, చల్లగా ఉంది. వేలితో నొక్కితే మెత్తగా తగిలింది.

"అయ్యో తల్లీ, అడుగంతా నీళ్ళు తాగి ఉండావే" అంది తలుపుతో.

మిషను ఆగింది. వెన్నిల తల ఎత్తింది. "మీరు తెలుగోళ్ళా?"

"అవునక్కా. ఇంట్లో తెలుగే."

"మా ఇంట్లోనూ అదే. ఏమన్నావు ఇప్పుడు, నీళ్ళా?"

మారియాయి ఆమెను దగ్గరికి పిలిచి, అరచెయ్యి పట్టుకుని చెక్క మీద ఆనించింది. "చూడక్కా, తడి. ఈ తలుపు రంగు వల్ల చెడలేదు. కింద అంచుకి ఇంతవరకూ ఎవురూ రంగు పెట్టలేదు. కంటికి కనబడని అంచు కదా, వదిలేసినారు. వాన పడితే అది నీళ్ళు తాగుతుంది. మధ్యాన్నం ఎండ మొగాన కొడితే ఆ నీళ్ళు బయటికి రావల్ల. రంగును తోసుకోని వస్తుంది."

కన్నప్పన్ అప్పటికి తిరిగొచ్చాడు. ఆ మాటలు విన్నాడు. మారియాయితో అతనూ తెలుగే మాట్లాడేవాడు.

"పద్నాలుగేండ్లు ఉప్పుకాగితం రుద్దినావు. ఇప్పుడు నాకి పాఠం చెప్తావా?"

"రుద్దినాను కాబట్టే చెప్తాండాను అన్నా. పూసినోళ్ళు పూసేసి పోతారు. అది యాడ చెడిందో, ఏంటికి చెడిందో గీకేవాళ్ళకే తెలుస్తుంది."

కన్నప్పన్ నవ్వాడు. "సరి. ఏం చెయ్యల్ల అంటావు?"

"చెక్క కనబడేదాకా అంతా తియ్యల్ల. తలుపు దించి ఎండబెట్టల్ల. కింద అంచుకి, పై అంచుకి ప్రైమరు పట్టించల్ల. ఆమీదనే మెరుపు రంగు. ఆరు దినాలు."

"ఒక తలుపుకి ఆరు దినాలా! నేను ఆరు దినాల్లో ఇల్లు ముగిస్తాను."

వెన్నిల ఇద్దరి మొహాలూ చూసింది. "మేస్త్రీ, కోపం చేసుకోవద్దు. గుడ్డ ఇచ్చేదానికి వచ్చేవాళ్ళు ముందర ఈ తలుపునే చూస్తారు. తలుపే ఇట్లుంటే కుట్టు ఎట్లుంటుందో అనుకోరా? ఆమె చెప్పినట్లే కానీండి."

"అయితే ఆమెనే చెయ్యనీ" అన్నాడు కన్నప్పన్. బ్రష్షు సంచీ గడప పక్కన పెట్టాడు. "చెడిపోతే నా పేరు చెప్పగూడదు మారియాయి."

"నా పేరే చెప్తాను పో అన్నా" అంది ఆమె. అతను వెళ్ళగానే మళ్ళీ రేకుబిళ్ళ అందుకుంది.

రెండు రోజులు గీకింది. పలకల చుట్టూ చెక్కిన గాడుల్లో పేరుకున్న రంగును పాత స్క్రూడ్రైవరుకు గుడ్డ చుట్టి ఓపిగ్గా తోడింది. మూడో రోజు తలుపు దించాలి. ఎదురుగా పంక్చరు కొట్టు నడిపే మాదేశన్ సాయం వచ్చాడు. ముగ్గురూ కలిసి మడతబందులు విప్పి, తలుపును రెండు బెంచీల మీద పడుకోబెట్టారు. గుమ్మానికి వెన్నిల పాత చీర కట్టింది. పొద్దున్నుంచీ ఎండలో ఉంచి, మధ్యాహ్నం చెక్క చేతికి పొడిగా, వెచ్చగా తగిలాక మారియాయి కింద అంచుకి, పై అంచుకి ప్రైమరు పట్టించింది. చెక్క దాన్ని దాహంగా పీల్చేసింది. ఆరనిచ్చి ఇంకోసారి పట్టించింది. చీకటి పడకముందే తలుపు మళ్ళీ ఎక్కింది.

నాలుగో రోజు పగుళ్ళలో పుట్టీ పెట్టి, తలుపంతా ప్రైమరు వేసింది. ఐదో రోజు ఉదయం ఆరింటికే వచ్చింది. అంత పొద్దున్నే ఎందుకని వెన్నిల అడిగింది.

"రెండింటికి ఎండ మొగాన పడుతుంది కదక్కా. ఆలోపల రంగు పైన గట్టిపడల్ల. తడి మీద ఎండ కొడితే మళ్ళీ పొక్కులే."

గొళ్ళెం, పిడి విప్పి పక్కన పెట్టింది. ఆరూ నలభై బస్సు దుమ్ము లేపుతుందని మాదేశన్ చేత రోడ్డు మీద నాలుగు బిందెల నీళ్ళు చల్లించింది. వెన్నిల ఇచ్చిన సన్నటి లైనింగు గుడ్డలో ముదురాకుపచ్చ రంగును వడగట్టింది. నలుసు కూడా ఉండకూడదు. మామూలు రంగు లోపాన్ని కప్పుతుంది, మెరుపు రంగు దాన్ని అద్దంలా చూపిస్తుంది.

ముందుగా పలకల చుట్టూ ఉన్న గాడులు. తర్వాత పలకలు. తర్వాత నడుమ నిలువు చెక్క, అడ్డ చెక్కలు, చివరికి రెండు పక్కల పొడవాటి నిలువు చెక్కలు. ఒక చెక్క అంచు తడి ఆరకముందే పక్క చెక్కను అందుకుంటూ పోయింది. రంగు పట్టించాక, బ్రష్షు తుడిచి, మొనతో అడుగు నుంచి పైదాకా ఒక్క లాగు లాగేది. గాడుల మూలల్లో రంగు దిగి చారలవుతుందని ఐదేసి నిమిషాలకు వెనక్కి వచ్చి చూసుకునేది. ఆ పనిని ఆమె కన్నప్పన్ పక్కన నిలబడి కొన్ని వందల సార్లు చూసింది. చేయడం అదే మొదటిసారి. చేతికి మాత్రం అది కొత్తగా లేదు.

ఆరో రోజు ఆరిన రంగును సన్న కాగితంతో తేలిగ్గా రుద్ది, తుడిచి, రెండో పూత వేసింది. ఎనిమిదికల్లా ముగిసింది. ఎదుటి కొట్టు, రోడ్డు మీద పోయే సైకిలు, అన్నీ తలుపులో కనబడుతున్నాయి. వెన్నిల రోడ్డు మీదికి దిగి నిలబడి చూసింది. తర్వాత, "ఇది నా ఇంటి తలుపేనా?" అంది.

మారియాయి టీ తాగడానికి కూర్చుంది. గ్లాసు సగం అయిందో లేదో, మాదేశన్ మేక తాడు తెంపుకుని రోడ్డు దాటి వచ్చింది. తలుపు చల్లదనం నచ్చిందేమో, ఎడమ నిలువు చెక్కకు పక్కను ఆనించి హాయిగా ఒళ్ళు రుద్దుకుంది.

మాదేశన్ అరుస్తూ పరుగెత్తాడు. మేక పచ్చటి పక్కతో పారిపోయింది. చెక్క మీద రెండు జానల మేర రంగు చెదిరిపోయి, అందులో తెల్ల వెంట్రుకలు అతుక్కున్నాయి. వెన్నిల గుడ్డ తీసుకుని ఉరికింది.

"అక్కా, తాకొద్దు!" మారియాయి ఆమె మణికట్టు పట్టుకుంది. "ఇప్పుడు తుడిస్తే పక్కనుండేది కూడా పోతుంది. ఒక చారెడు చెడిందాన్ని చేటంత చేసుకుంటాము. ఆరనీ."

"వెంట్రుకలతోనా?"

"వెంట్రుకలతోనే."

మాదేశన్ తల గోక్కుంటూ, మేకను కోసి కూర చేసి పంపుతానన్నాడు. "పాపం, దానికేం తెలుసన్నా" అంది మారియాయి. వెన్నిలకు కన్నీళ్ళూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఆ సాయంత్రం కన్నప్పన్ వచ్చాడు. తలుపంతా చూసి మెచ్చుకోబోయి, మేక రుద్దిన చోటు చూసి ఆగిపోయాడు. "ఏంటికి అట్లే పెట్టుకోని ఉండావు? టర్పెంటైన్ గుడ్డతో తుడిచి, దానిమీద కొంచెం అద్దేసి పోదాము. రేపు పాపిరెడ్డిపట్టికి నువ్వు రావల్ల కదా."

"అద్దితే ఆ మచ్చ ఎప్పటికీ కనబడుతుందన్నా. ఆరు దినాలు అన్నాను, ఇప్పుడు ఎనిమిది అంటాను. తప్పయితే తప్పే. రేపు రాలేను."

కన్నప్పన్ ఆమెను వింతగా చూశాడు. పద్నాలుగేళ్ళలో ఆమె పనికి రానని చెప్పిన మొదటి రోజు ఇదే. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

రంగు గట్టిపడటానికి మారియాయి ఒక రోజంతా ఆగింది. ఎనిమిదో రోజు ఉదయం ఆ వెంట్రుకలనూ గీతలనూ తడిపి వాడే నీళ్ళ కాగితంతో రుద్ది నునుపు చేసింది. ఆ ఒక్క చోట రంగు అద్దలేదు. ఆ నిలువు చెక్కను పై నుంచి కిందిదాకా మొత్తం వేసి, అడ్డ చెక్కలు కలిసే అతుకుల దగ్గర సరిగ్గా ఆపింది. ఈసారి మేకను కొట్టు లోపల కట్టేసి, ముందు స్టూలు వేసుకుని మాదేశనే కాపలా కూర్చున్నాడు.

ఆదివారం కన్నప్పన్ మళ్ళీ వచ్చాడు. గొంతుక్కూర్చుని, తల పక్కకు వాల్చి, వెలుతురుకి ఏటవాలుగా చూశాడు. అరచేత్తో తడిమాడు.

"ఏ పక్క రుద్దింది మేక?"

"నువ్వే చెప్పన్నా."

అతను కుడిపక్క చెక్కను చూపించాడు. లోపల మిషను దగ్గర వెన్నిల కిసుక్కున నవ్వింది.

"చూసేదానికి బాగుండాది" అన్నాడు కన్నప్పన్ లేస్తూ. "బాగుండాదా లేదా అనేది వాన చెప్పల్ల."

"చెప్పనీ" అంది మారియాయి.

ఆ తర్వాత నెలలపాటు ఆమె మళ్ళీ ఉప్పుకాగితమే పట్టింది. పాపిరెడ్డిపట్టిలో, ధర్మపురిలో గోడలూ తలుపులూ రుద్దింది. ఆమె తొందరపడలేదు, బ్రష్షు అడగనూ లేదు. ఆషాఢంలో వచ్చే ఆడి నెల గాలి దుమ్ము తెచ్చింది. దీపావళి వచ్చే ఐప్పసి నెలలో వారం పొడుగునా వాన కొట్టింది. పాపారపట్టి మీదుగా బస్సులో పోయినప్పుడల్లా కిటికీలోంచి ఆ తలుపు వంక ఒక్క చూపు చూసి, తృప్తిగా ముందుకు తిరిగేది.

కార్తీకం వెళ్ళాక ఒకరోజు కన్నప్పన్ ఎక్కడికో చెప్పకుండా ఆమెను వెన్నిల ఇంటికే తీసుకువచ్చాడు. వెన్నిల తలుపు తెరిచి పట్టుకుంది. కన్నప్పన్ కింద అంచు దగ్గర గోరు పెట్టి గీరాడు. ఏమీ రాలేదు. పైన, గాడుల్లో, ఎండ బాగా తగిలే నడుమ పలకల మీద గీరాడు. ఎక్కడా ఒక్క పొక్కు లేదు. ఆకుపచ్చ రంగులో అతని మొహం మాత్రం కనబడింది.

"నేను మూడుసార్లు వేసినాను దీనికి" అన్నాడు మెల్లగా. "మూడుసార్లూ నేనే."

మారియాయి కొంగుతో కింద అంచు మీది దుమ్ము తుడిచింది. అతనికి ఆ మాట అనడం ఎంత కష్టమో ఆమెకు తెలుసు.

మరుసటి వారం వత్తల్‌మలై దారిలో ఒకరు కట్టిన కొత్త ఇంటికి ఇద్దరూ వెళ్ళారు. పదకొండు తలుపులు గోడలకు ఆనించి ఉన్నాయి. ఇంటాయన కన్నప్పన్‌తో, తలుపుల పని ఎన్ని రోజులు పడుతుందని అడిగాడు.

"గోడల సంగతి నన్ను అడగండి" అన్నాడు కన్నప్పన్. "తలుపులు ఈమెవి."

ఇంటాయన ఆమె వైపు తిరిగాడు. "చూసి చెప్తాను" అంది మారియాయి. చీర కొంగు నడుముకు దోపుకుని, మొదటి తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, చెక్క మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత రెండోది. పదకొండూ చూసేదాకా ఇంటాయన చేతులు కట్టుకుని ఆగాడు.