కోకో గింజల విహారయాత్ర

ఒకే ప్రయాణంలో రెండు పనులు చక్కబెట్టుకుందామనుకోవడమే సేటు చేసిన పొరపాటు. ఆ సంగతి అతనికి మొదటి రోజు మధ్యాహ్నానికే తెలిసిపోయింది. కానీ అప్పటికే వ్యాను కొండ ఎక్కుతోంది. వెనక సీట్లు మడిచేసి పేర్చిన ట్రేలలో తడి కోకో గింజలు పుల్లటి వాసన కొడుతున్నాయి. స్టీరింగేమో బావ చేతిలో ఉంది.

సేటు అసలు పేరు క్లాసులో ఎవరికీ గుర్తులేదు. ఇంటి దగ్గర తండ్రిది హోల్‌సేల్ కిరాణా కొట్టు. బస్తాల మధ్య పాకుతూ పెరిగినవాడు కాబట్టి గిట్టుబాటు చూసుకోనిదే అడుగు తీసి అడుగు వెయ్యడు. స్నేహమైనా అంతే, నిద్రైనా అంతే. కోసిన పంటని ఎలా ఆరబెట్టాలి, ఎలా నిలవ చెయ్యాలి అన్న చదువు కోసం ఈ ఉక్కపోత దేశానికి వచ్చాడు. మేనత్త కొడుకు కూడా అదే క్లాసు. ఈ బావ సేటు కంటే రెండేళ్ళు పెద్ద, బాధ్యతల్లో పదేళ్ళు చిన్న.

ఊరి బయట ఒక ఎగుమతి గోదాము ఉంది. ఆ గోదాము వాళ్ళు ఏటా క్లాసులో ఒక్కరిని సెలవుల్లో శిక్షణకి తీసుకుంటారు. ఎవరి గింజలు బాగా ఎండితే వాళ్ళకే ఆ చోటు. సరుకు ఎలా కొంటారు, ఎక్కడ వంక పెడతారు, పోని మాలు ఎలా వదిలించుకుంటారు, ఇవన్నీ లోపల నిలబడి చూడొచ్చు. సేటు దృష్టిలో డిగ్రీ అనేది పై ప్యాకింగు. అసలు సరుకు ఆ గోదాములో ఉంది. అందుకని గింజల్ని పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకున్నాడు. పెట్టెలో పులియబెట్టడం దివ్యంగా కుదిరింది. ఇక మిగిలింది ఎండే.

సరిగ్గా అప్పుడు కాలేజీకి వరసగా సెలవులొచ్చాయి. ల్యాబుకి తాళం, ఎండ తగిలే హాస్టలు మేడకి తాళం. సెలవులు అయిన మర్నాడే గింజలు అప్పజెప్పాలి. మేడ తాళం కోసం సేటు ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయి వచ్చేసరికి, బావా, మ్యాపమ్మా క్యాంటీనులో కూర్చుని వ్యాను మాట్లాడేస్తున్నారు.

మ్యాపమ్మ అడవుల చదువు చదువుతుంది. చేతిలో ఫోను, ఫోనులో దారి, కళ్ళు ఎప్పుడూ తరవాతి ఊరి మీద. ఏడాది నుంచి ఈ దేశంలో ఉండి హాస్టలు, క్యాంటీను, బస్టాపు తప్ప ఏం చూశామని ఆవిడ గొడవ. ఇంటికెళ్తే అక్కడ ఏమున్నాయని అడుగుతారు, బస్టాపు గురించి చెప్పమంటావా అని సేటుని నిలదీసింది.

సేటు బుర్రలో చక్రాలు తిరిగాయి. ఇక్కడే ఉంటే గింజలు గదిలో బూజు పడతాయి. వ్యాను ఎటూ ఎండలో తిరుగుతుంది. ట్రేలు వెంట తీసుకెళ్తే ఆగిన ప్రతిచోటా ఆరబెట్టొచ్చు. ఊరు చూసినట్టూ ఉంటుంది, గింజలు ఎండినట్టూ ఉంటుంది. ఇంత తెలివైన ఆలోచన ఇంతవరకు ఎవరికీ ఎందుకు రాలేదా అని కూడా అనుకున్నాడు. ఎందుకు రాలేదో కొండ మీద తెలిసింది.

కొండ మీద ఎండ లేదు. జలపాతం ఉంది, దాని తుంపర ఉంది, తుంపర మీద మబ్బు ఉంది. మ్యాపమ్మ దిగి రెండు చేతులూ చాపి నిలబడింది. సేటు దిగీదిగగానే గాలిలో తడి చూసి మళ్ళీ ఎక్కేశాడు. ఇక్కడ నిమిషం ఉన్నా ఎండిన కాస్తా మళ్ళీ నానిపోతుంది, పదండి అని హారను కొట్టాడు. బావ నీళ్ళలో ఒక కాలు పెట్టి, రెండో కాలు పెట్టకుండానే వెనక్కి రావాల్సి వచ్చింది.

అక్కణ్ణుంచి అడవిలో వేలాడే వంతెన. అక్కడ చెట్ల కింద పగలే చీకటి. మ్యాపమ్మ ఒక్కో చెట్టు దగ్గరా ఆగి బెరడు తడిమి చూస్తోంటే సేటుకి ఒళ్ళు మండింది. నీడని ఇంత మురిపెంగా చూసే మనిషిని అతను అంతవరకు చూడలేదు. అడవి దాటాక రోడ్డు పక్కన కాస్త ఎండ కనపడితే వ్యాను ఆపించి, ట్రేలు దించి, గింజలు పల్చగా పరిచి, చేత్తో తిరగేస్తూ కూర్చున్నాడు. ఈ దేశపు వానకి ఉరుమూ లేదు, మెరుపూ లేదు. నెత్తిన చుక్క పడ్డాకే తెలుస్తుంది. ట్రేలు ఎత్తి లోపల పడేసి తలుపు వేసేసరికి వాన వెలిసింది. మళ్ళీ దించారు. మళ్ళీ పడింది. మూడోసారి బావ దిగనన్నాడు.

ఆ రాత్రి దిగిన లాడ్జిలో గింజలు మంచం మీద ఫ్యాను కింద పడుకున్నాయి, మనుషులు నేల మీద పడుకున్నారు. మర్నాడు మ్యాపమ్మ ఇంక ఊరుకోలేదు.

"సేటూ, ఒక మాట చెప్పు. మేం నీ గింజలకి తోడొచ్చామా, నీ గింజలు మాకు తోడొచ్చాయా?"

"ఒక్క ఎండ తగిలితే చాలు తల్లీ. ఆ తరవాత నువ్వు చెప్పిన చోటల్లా ఆగుతాను."

"నిన్న పొద్దున్నా ఇదే అన్నావు."

బావ కల్పించుకుని, వాడికి పెళ్ళి సంబంధం చూసినా పెళ్ళికూతురి ఇంటి డాబా మీద ఎండ ఎంతసేపుంటుందో అడిగి వస్తాడని అన్నాడు. మ్యాపమ్మ నవ్వింది. సేటుకి నవ్వు రాలేదు. గింజల్ని పిడికిట్లో పట్టి నొక్కి చూశాడు. గలగలమనాల్సినవి మెత్తగా, మూగగా ఉన్నాయి. ఒకటి రెండు గింజల మీద తెల్లటి పొర పట్టే సూచన కనపడింది. వాటిని ఏరి అవతల పారేశాడు. బూజు మొదలైతే గోదామూ లేదు, శిక్షణా లేదు.

ఆ కంగారులో సముద్రం వైపు పదమన్నాడు. అక్కడ మబ్బు నిలవదని ఎవరో అన్నారు. మ్యాపమ్మ చూద్దామనుకున్న పాత కోట దారిలోనే ఉన్నా, కోట ఎక్కడికీ పోదు, ఎండ పోతుంది అని ఆపనివ్వలేదు. ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆ తరవాత చాలాసేపు దారి చెప్పడం కూడా మానేసింది. రెండుసార్లు దారి తప్పారు. తప్పిన ప్రతిసారీ బావ ఈలపాట అందుకున్నాడు.

సముద్రం ఒడ్డుకి వచ్చేసరికి సేటు ప్రాణం లేచి వచ్చింది. మబ్బు తునక లేని ఆకాశం, ఆగకుండా వీచే గాలి. ఒడ్డునే వరసగా నడుమెత్తు మంచెలు, వాటి మీద వెదురు తడికలు. చేపలు ఎండబెట్టేవి. వేటకి వెళ్ళిన పడవలు ఇంకా రాలేదు కాబట్టి అన్నీ ఖాళీగా ఉన్నాయి, నీళ్ళతో కడిగి ఉన్నాయి. మంచెల యజమానురాలు దూరంగా వల బాగు చేసుకుంటోంది. అడిగితే, ఖాళీయే కదా వాడుకో అన్నట్టు చెయ్యి ఊపింది. పైసా ఖర్చు లేకుండా ఇంత మంచి చోటు దొరికితే వదులుకునే రక్తం కాదు సేటుది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కోకో గింజ పక్కన ఏ వాసన ఉంటే ఆ వాసన పీల్చేస్తుంది. ఇది సేటుకి తెలియనిది కాదు. కిందటి నెల తన వంతు వచ్చినప్పుడు బావ గింజల్ని హాస్టలు వంటగదిలో పొయ్యి పక్కన ఆరబెట్టి, పొగ వాసనతో సహా అప్పజెప్పి బొటాబొటిగా గట్టెక్కితే, భోజనాల దగ్గర అరగంట సేపు క్లాసు పీకింది సేటే. తండ్రి కొట్లో అగరొత్తుల పెట్టె పక్కన టీపొడి పెట్టిన గుమాస్తాకి పడ్డ చీవాట్లు కూడా వర్ణించి చెప్పాడు. ఇప్పుడు ఆ నోరే తడికల్ని చూసి, కడిగి ఉన్నాయిగా, గాలి ఉందిగా అని సమాధానం చెప్పేసుకుంది. బావ ముక్కు ఎగబీల్చి, ఏరా, ఫర్వాలేదంటావా అని అడిగాడు కూడా. నీకు ఇవన్నీ ఏం తెలుసులే అన్నట్టు చూశాడు సేటు.

ఆ పూట ఎండ దంచి కొట్టింది. సేటు గింజల్ని ట్రేలలోంచి తడికల మీదికి ఎత్తి, పల్చగా సర్ది, తిరగేసి, మళ్ళీ తిరగేశాడు. వీపు కాలింది, మోకాళ్ళు పట్టేశాయి. బావా, మ్యాపమ్మా అలల్లో తడిసి, ఇసకలో పొర్లి, పీతల వెంట పడి ఆడుకున్నారు. మర్నాడు కూడా అక్కడే. సెలవుల చివరి రోజు మధ్యాహ్నానికి గింజలు పిడికిట్లో ఎండిన చింతపిక్కల్లా గలగలలాడాయి. ఒకటి కోసి చూశాడు. లోపల చక్కటి మట్టిరంగు. సేటు వాటిని గోనెసంచిలో పోసి మూతి కట్టాడు. బావ భుజం మీద చెయ్యేసి, నువ్వు మహా మొండివాడివిరా అన్నాడు. ఆ మాటతో ఈ నాలుగు రోజుల విసుగూ మాఫీ అయిపోయినట్టే అనిపించింది సేటుకి.

తిరుగు దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగారు. గొట్టం పట్టుకున్న మనిషి కిటికీలోంచి లోపలికి తొంగిచూసి, మొహం పక్కకి తిప్పుకుని, చేపలు తాజావేనా అని అడిగాడు. చేపల్లేవు అన్నాడు బావ. ఆ మనిషి నమ్మలేదు. వెనక తలుపు తీసి చూపించమన్నాడు, కాసిని కొనుక్కుంటాడట.

బావ డబ్బు చేతిలో పెట్టి గబగబా వ్యాను కదిలించాడు. రెండు రోజులుగా అదే గాలి పీల్చి పీల్చి ముగ్గురి ముక్కులూ మొద్దుబారిపోయాయి. సేటు సంచి మూతి విప్పి మొహం లోపల పెట్టాడు. ఏమీ తెలియలేదు. తెలియకపోవడమే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

హాస్టలు చేరాక బావ ఒక ఉపాయం చెప్పాడు. ల్యాబు పక్క గదిలో కిందటి బ్యాచి గింజలు డబ్బాలో ఉంటాయి, తాళం చెవి తనకి దొరుకుతుంది. సగం సగం కలిపేస్తే సరి.

"కలిపితే వాసన సగం అవుతుంది కదరా. ఎవరు పట్టుకుంటారు?"

"సగం అవదు బావా. అవి కూడా చేపలైపోతాయి."

"అయితే ఏం చేద్దామంటావు?"

"ఏం చెయ్యను. ఉన్నది ఉన్నట్టు తీసుకెళ్తాను."

బావ దీన్ని నిజాయితీ అనుకుని చాలా మెచ్చుకున్నాడు. సేటుకి మరింత చిరాకేసింది. పుణ్యం కోసం కాదు. పాడైన మాలుకి మంచి మాలు తోడిస్తే రెండూ పోతాయని పుట్టు వ్యాపారికి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ లెక్క సముద్రం ఒడ్డున ఎందుకు గుర్తు రాలేదని తనని తాను తిట్టుకుంటూ దుప్పటి ముసుగెట్టాడు.

మర్నాడు ల్యాబు మేడమ్ ముందు సంచి పెట్టాడు. ఆవిడ గింజలు తీసి అరచేతిలో ఆడించింది, తల ఊపింది. కోసింది, రంగు చూసింది, మళ్ళీ తల ఊపింది. సేటులో చిన్న ఆశ పుట్టింది. అప్పుడు ఆవిడ గింజని ముక్కు దగ్గర పెట్టుకుంది. కాసేపు అలాగే ఉంచి, మెల్లిగా బల్ల మీద పెట్టి, లేచి కిటికీ తెరిచింది.

ఇంత బాగా ఎండబెట్టిన గింజల్ని ఈ ఏడు ఎవరూ తేలేదని చెప్పింది. ఇంత పనికిరాని గింజల్ని కూడా ఎవరూ తేలేదంది. వాసన పీల్చే గుణం ఉందని తెలియదా అని అడిగింది.

"తెలుసు మేడమ్," అన్నాడు సేటు. "ఎండ చూసి తెలివి పోయింది."

ఆవిడ నవ్వలేదు, కోప్పడనూ లేదు. గోదాము శిక్షణకి ఇంకో కుర్రాడి పేరు పంపిస్తానంది. కొత్త కాయలు ఇస్తానని, మొదటి నుంచి చేసుకొస్తే పాసు మార్కులు వేస్తానని చెప్పింది. సేటు తల ఊపి వెనక్కి తిరుగుతుంటే, సంచి ఇక్కడ వదలొద్దు, గదంతా కంపు కొడుతుంది అని గుర్తుచేసింది.

బయట బావా, మ్యాపమ్మా గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. సేటు మొహం చూడగానే వాళ్ళకి చెప్పక్కర్లేకపోయింది. బావ గొంతు సవరించుకున్నాడు. పోతే పోయింది, ఏదో ఒకటి మిగిలింది కదా అని ఓదార్చబోయాడు.

"ఏం మిగిలింది బావా?"

"దేశం చూశాం కదరా."

"మీరు దేశం చూశారు. నేను మబ్బులు చూశాను."

మ్యాపమ్మ సేటు చేతిలోంచి సంచి అందుకోబోయి, దగ్గరికి రాగానే చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆవిడ ముక్కు అప్పటికే కోలుకుందన్నమాట. క్షమించు సేటూ అంది చున్నీలోంచి. సేటు సంచి ఇవ్వలేదు. పారెయ్యడానికి చెయ్యీ రాలేదు. ఎక్కడైనా పశువుల దాణా కింద పనికొస్తుందేమోనని అతని బుర్ర అప్పుడే వెతుకుతోంది.

ఎప్పటిలాగే హాస్టలుకి వెళ్ళే బస్సు కిక్కిరిసి ఉంది. ఈ ఏడాదిలో సేటు ఆ బస్సులో కూర్చున్నది తక్కువ, కడ్డీ పట్టుకుని వేలాడింది ఎక్కువ. సంచితో లోపలికి అడుగుపెట్టి కడ్డీ వెతుక్కుంటున్నాడు. ముందు ఒక పెద్దాయన లేచి వెనక్కి జరిగాడు. తరవాత ఇద్దరు ఆడవాళ్ళు లేచారు. చూస్తూండగానే సీటుకి సీటు ఖాళీ అయింది. అందరూ మర్యాదగా ఊపిరి బిగబట్టారు. బావా మ్యాపమ్మా కూడా వెనక గుంపులోనే ఉండిపోయారు, దొంగ మొహాలు.

సేటు కిటికీ పక్కన కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. బస్సు కదిలింది. బయట ఆకాశం కడిగిన పళ్ళెంలా మెరుస్తోంది, ఒక్క మబ్బు లేదు, కొండ మీదా అడవిలోనూ ఎక్కడ దాక్కుందో తెలియని ఎండ ఊరంతా విరగకాస్తోంది. చూస్తే ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు దేనికి, ఎవరికి అని పళ్ళు కొరుక్కున్నాడు. కానీ ఆరబెట్టడానికి చేతిలో ఏమీ లేదు కాబట్టి, విధి లేక, కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. రోడ్డు పక్క చెట్టుకి ఎర్రటి పూలు ఒక్కటే ఇదిగా పూసి ఉన్నాయి. ఏడాది నుంచి రోజూ ఇదే దారి. ఆ చెట్టు ఎప్పుడు మొలిచిందో అతనికి అర్థం కాలేదు.