గద్ద డబ్బా, కత్తి డబ్బా

బయ్యమ్మ సంచి అడుగున పాత నూలు చీర ముక్కను నాలుగు మడతలు వేసి పరిచింది. దాని మీద ఆరు గద్ద డబ్బాలు నిలువుగా పేర్చింది. మధ్యలో ఒక అట్టముక్క దోపి, ఆ పక్కన ఆరు కత్తి డబ్బాలు పెట్టింది. సందుల్లో పాత పేపర్లు ఉండలు చుట్టి కుక్కింది. రెండు చేతులతో సంచిని పట్టుకుని ఊపి చూసింది. లోపల ఏదీ కదలలేదు. అప్పుడు జిప్పు లాగి, దాని తలను పిన్నీసుతో సంచి గుడ్డకు గుచ్చింది.

మదనపల్లెలో ఉమాశంకర్‌ది కంప్యూటర్ల దుకాణం. బయ్యమ్మ అక్కడ ఎనిమిదేళ్ళుగా పని చేస్తోంది. ఊడవడం, తుడవడం, వచ్చిన సరుకు విప్పడం, పాడై తిరిగొచ్చిన సామాను కట్టి బెంగళూరుకు పంపడం ఆమె పని. ఒకసారి పార్సిల్ వాళ్ళు పెట్టె విసిరేసి రెండు మానిటర్లు పగలగొట్టినప్పటి నుంచి, ప్రతి గురువారం పుంగనూరు, కుప్పం సరుకును కూడా ఆమే బస్సులో తీసుకుపోతోంది. యాభై మూడేళ్ళ మనిషి. సన్నగా ఉంటుంది, కొంచెం ముందుకు వంగి నడుస్తుంది. సంచి మోసీ మోసీ ఎడమ భుజం కుడిదానికంటే కిందికి జారింది. బస్సులో సంచిని పైనా పెట్టదు, కిందా పెట్టదు. ఒడిలోనే ఉంచుకుంటుంది.

ఆ రోజు సంచిలో ఉన్నవి గ్రాఫిక్స్ కార్డులు. కంప్యూటర్లో ఆట ఆడేటప్పుడు తెర మీది బొమ్మ తడబడకుండా పరుగెత్తాలంటే ఆ పలక మంచిదై ఉండాలి. రెండు రకాల డబ్బాల్లోనూ చిప్పు ఒకటే. దాన్ని పలక మీద అతికించి, ఫ్యాను బిగించి అమ్మే కంపెనీలు వేరు. వాటి ఇంగ్లీషు పేర్లు బయ్యమ్మకు నోరు తిరగవు. ఒక డబ్బా మీద రెక్కలు విప్పిన గద్ద ఉంటుంది, ఇంకొక దాని మీద కత్తి దూసిన ఆడపిల్ల ఉంటుంది. ఆమె గద్ద డబ్బా, కత్తి డబ్బా అనడం మొదలుపెట్టాక దుకాణంలో అందరికీ అదే అలవాటైంది.

కొనేవాళ్ళు బొమ్మ చూస్తారు. బయ్యమ్మ తిరిగొచ్చినవాటిని చూస్తుంది. పాడైన ప్రతి కార్డూ ఆమె చేతి మీదుగానే బెంగళూరు పోవాలి, మారి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అలమర తలుపు లోపలివైపు, ఏ కంపెనీది ఎన్ని వచ్చాయో పెన్సిలుతో గీతలు పెడుతుంది. ఆ జనవరి నుంచి గద్ద కింద రెండు గీతలున్నాయి, కత్తి కింద పంతొమ్మిది. కత్తి కంపెనీ ఫ్యాను చిన్నది. దుమ్ము పట్టగానే బిగుసుకుపోతుంది, కార్డు కాలిపోతుంది. మూడు ఊళ్ళలోనూ ఏ కంపెనీ కొనాలా అని ఆలోచనలో పడ్డవాళ్ళు, బయ్యమ్మను అడిగి చెప్పమని ఉమాశంకర్‌కు ఫోను చేస్తారు. ఎనిమిదేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా గీతలకు భిన్నంగా చెప్పలేదు.

కుప్పంలో గేముల సెంటరు నడిపే మురళీధర్‌కు ఆరు కార్డులు కావాలి. ఏ కంపెనీవో ఫోనులో తేల్చుకోలేకపోయాడు. రెండు రకాలూ తీసుకుపోయి, ఆయన వద్దన్నవి వెనక్కి తెమ్మని ఉమాశంకర్ చెప్పాడు. అడిగితే నువ్వే చెప్పక్కా, నీ మాటే నమ్ముతారు అన్నాడు. బిగించే పని చేసే వెంకటేష్ మానేసి నెలయింది, స్క్రూడ్రైవర్ పట్టుకోవడం తెలిసినవాళ్ళు ఎవరైనా కనబడితే చూడమని కూడా అన్నాడు. బయ్యమ్మ తల ఊపింది. మురళీధర్ పేరు విన్న రోజు నుంచీ, రెండు వారాలుగా, ఆమె ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు.

బస్సులో ఎప్పుడూ పోయేటప్పుడు కుడివైపు, వచ్చేటప్పుడు ఎడమవైపు కిటికీ పక్కనే కూర్చుంటుంది. పుంగనూరులో ఒక మలుపు దగ్గర ఆ వైపు కరెంటు స్తంభం ఉంది. వేసిన తాళం వేసినట్టే ఉందా అని చూసుకునే మనిషిలా ప్రతి గురువారం దాన్ని చూస్తుంది. 1997 వానాకాలంలో ఆమె తమ్ముడు చెంగయ్య ఆ స్తంభం మీద నుంచి పడి చనిపోయాడు. అప్పుడు మురళీధర్ పుంగనూరులో కేబుల్ టీవీ నడిపేవాడు. చెంగయ్య అతని దగ్గర తీగలు లాగేవాడు. అమ్మ పోయాక బయ్యమ్మే పెంచిన తమ్ముడు, ఆమె కంటే పన్నెండేళ్ళు చిన్న. వానలో మురళీధర్ ఎక్కమంటే ఎక్కాడు. పోలీసు స్టేషనులో మాత్రం చెంగయ్య తన పనివాడు కాడన్నాడు. ఇంతకుముందు ఒకసారి తన తీగ చుట్టలు రెండు తీసుకుపోయి తిరిగివ్వలేదని, చెంగయ్య సంతకమున్న కాయితం చూపించాడు. ఆ చుట్టలు పనికని ఇచ్చినవే. గేటు బయట నిలబడ్డ బయ్యమ్మను దాటుకుంటూ పోయి స్కూటరెక్కాడు, తలెత్తి చూడలేదు. మరునాడు పేపర్లో నాలుగు వరుసలు వచ్చాయి. అందులో ఏముందో పక్కింటాయన చదివి చెప్పాడు. చదువు రాని బయ్యమ్మ ఆ ముక్కను దాచుకుని, అక్షరాలు ఒక్కొక్కటే అడిగి నేర్చుకుని, ఏడాదికి దాన్ని తానే చదివింది. తీగ దొంగ మృతి. ఆమె చదవగలిగిన మొదటి మాటలు అవి.

కుప్పంలో దిగేసరికి ఒంటిగంట దాటింది. ఎండకు తారు మెత్తబడింది. సెంటరులో ఆరు కంప్యూటర్లు గోడ వెంట వరుసగా ఉన్నాయి, కిటికీలకు నల్ల కాయితం అంటించారు. లోపల దుమ్ము, చెమట కలిసిన వాసన. మురళీధర్‌కు జుట్టు తగ్గి, పొట్ట పెరిగింది. మీసానికి రంగు వేశాడు. బయ్యమ్మను గుర్తుపట్టలేదు. కూర్చోమని స్టూలు జరిపి, నీళ్ళిమ్మని అక్కడ పనిచేసే కీర్తికి చెప్పాడు. కీర్తికి ఇరవై రెండేళ్ళుంటాయి. పుంగనూరు పిల్ల, కుప్పంలో పిన్నమ్మ ఇంట్లో ఉంటోంది. యంత్రాలు విప్పడం, బిగించడం అంతా ఆమే.

రైలుస్టేషను పక్కన ఇంకో సెంటరు పెట్టారని, సెలవుల్లో కాలేజీ పిల్లలంతా అక్కడికే పోతున్నారని మురళీధర్ చెప్పుకొచ్చాడు. తన యంత్రాల్లో కొత్త ఆటలు నత్తలా నడుస్తున్నాయట. ఈ ఎండాకాలం దాటితే గాని సెంటరు నిలబడదట. మాట్లాడుతూ ఒక చేత్తో గద్ద డబ్బా, ఒక చేత్తో కత్తి డబ్బా తూచాడు.

“ఇది బరువుగా ఉండాది. ఇదే మంచిదేమో,” అని గద్ద డబ్బాను ముందుకు జరిపాడు.

బయ్యమ్మ డబ్బా మీది గద్దను చూసింది. దారి పొడవునా అబద్ధాన్ని నాలుక మీద పెట్టుకుని వచ్చింది. ఇప్పుడు అది కదలలేదు. కత్తి డబ్బా తీసుకో అని ఒక్క మాట అనడానికి, ఎనిమిదేళ్ళ గీతలు అడ్డొచ్చాయి.

“నీది యావూరమ్మా?” అన్నాడు మురళీధర్.

“నిమ్మనపల్లెప్పా.”

“ఓ, ఆ పక్కోడు ఒకడు నా దగ్గర పని చేస్తాండె, పుంగనూర్లో కేబులు నడిపేటప్పుడు. తీగ కోసి అమ్ముకుందామని స్తంభమెక్కి సచ్చిపాయ. నీకు తెలిసినోడేనా?”

“ఆడ శానా మంది ఉండారప్పా.”

“నన్ను కాపాడింది ఒక కాయితమమ్మా. వాడి సంతకం నా దగ్గర ఉండబట్టి సరిపాయ. అప్పట్నుంచి సంతకం లేకుండా ఎవురికీ గుండుసూది కూడా ఇయ్యను.”

నా దగ్గర పని చేస్తాండె. తొమ్మిదేళ్ళ కిందట స్టేషనులో ఆ ఒక్క మాట కోసం బయ్యమ్మ సాయంత్రం దాకా నిలబడింది. ఇప్పుడు భయం లేదు గనక ఎంత సులువుగా అనేశాడు. ఆమె గద్ద డబ్బాను అతని చేతిలోంచి మెల్లగా తీసుకుంది.

“ఆ బరువు ఇనుముదప్పా. దాన్ని సూసి మోసపోవద్దు. కత్తి డబ్బా తీసుకో.”

“తిరిగొస్తాయా?”

“ఒగటీ రాదు.”

అతను నమ్మాడు. ఆమె మాట ఎవరైనా నమ్ముతారు.

కీర్తి ఒక్కొక్క యంత్రం మూత తీసింది. ఒంటి మీది కరెంటు కార్డుకు తగలకుండా, దాన్ని పట్టుకునే ముందు ప్రతిసారీ యంత్రం ఇనుప డొక్కును వేలితో తాకింది. పాత కార్డు ఊడదీసి, గాడిలో దుమ్ము కుంచెతో తుడిచి, కొత్తదాన్ని రెండు బొటనవేళ్ళతో నొక్కింది. టిక్కుమని చిన్న చప్పుడైంది. ఆరు సార్లు ఆ చప్పుడు వింటూ బయ్యమ్మ నెమ్మదిగా మంచినీళ్ళు తాగింది. తెరల మీద రంగులు వెలిగాయి. ఆటలోని మనుషులు తడబడకుండా పరుగెత్తారు. మురళీధర్ చేతులు రుద్దుకున్నాడు. జూన్ దాకా, అనుకుంది బయ్యమ్మ. ఆమెకు ఆకలి తెలియలేదు.

అప్పుడు మురళీధర్ సొరుగులోంచి నోటుపుస్తకం తీశాడు. కొత్త కార్డులు ఆరు మంచి స్థితిలో కీర్తికి అప్పగించినట్టు, వాటికి ఏమైనా అయితే ఆమెదే బాధ్యత అని తానే రాసి, పుస్తకం ఆమె వైపు తిప్పాడు.

“ఈ పాప చేతికి ఏమిచ్చినా కాళ్ళొచ్చి నడిసిపోతాదమ్మా. పోయిన నెల ఒక సామాను మాయమాయ,” అని నవ్వాడు.

కీర్తి తల వంచుకుని సంతకం పెట్టింది. బయ్యమ్మ గ్లాసు కింద పెట్టింది. ఆ పుస్తకంలో, ఆ నీలం సిరాలో, చెంగయ్యను మళ్ళీ చూసినట్టయింది. తాను మురళీధర్ కోసం తవ్విన గోతి అంచున ఈ పిల్లను నిలబెట్టి, అతను పక్కకు తప్పుకున్నాడు.

ఆ పేజీ జిరాక్సు తీయించి ఒకటి మదనపల్లెకు పంపమని పుస్తకం కీర్తికిచ్చాడు. ఇద్దరూ కలిసి బయటికి నడిచారు. వీధిలో కొంత దూరం పోయాక బయ్యమ్మ ఆగింది.

“ఆ కార్డులు ఎండాకాలం దాటవు, పాపా. కత్తి డబ్బావి ఈ జనవరి నుంచి పంతొమ్మిది తిరిగొచ్చినాయి. తెలిసే ఇచ్చినా.”

కీర్తికి మొదట అర్థం కాలేదు. “తెలిసి యాల ఇచ్చినావు?”

“స్తంభమెక్కి సచ్చిపాయ అన్నాడే, వాడు నా తమ్ముడు. వాడి చేత గూడా ఇట్లే సంతకం పెట్టించుకున్యాడు.”

కీర్తి ముఖం ఎర్రబడింది. “నీ పగకు నేనే దొరికితినా అమ్మా?”

“నువ్వు దొరకకూడదనే చెప్తాండా.”

“అట్లయితే పోయి మార్సు. గద్దవి నీ సంచిలోనే ఉండాయి గదా.”

బయ్యమ్మ సంచి పట్టీని వేళ్ళకు బిగించి చుట్టుకుంది. “మార్సను.”

కీర్తి గోడ నీడలోకి జరిగింది. తర్వాత చెప్పింది. పోయిన నెల ఆట ఆడే పిల్లలందరి ముందర మురళీధర్ ఆమె చేతిసంచిని బల్ల మీద బోర్లించి వెతికాడట. లోపలి బట్టలు కూడా దులిపాడట. ఏమీ దొరకకపోయినా తప్పయిందని అనలేదట, ఈసారి బాగా దాచినావు అన్నాడట. చెప్పేటప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది. నోటుపుస్తకం మీద వేళ్ళు మాత్రం తెల్లబడ్డాయి.

“నీ మాదిరి బిగించే మనిషి కోసం మా ఉమాశంకర్ వెతుకుతాండాడు,” అంది బయ్యమ్మ. “పుంగనూరి నుంచి రోజూ బస్సులో రావచ్చు. సంతకాలు అడగడు.”

జిరాక్సు దుకాణం సిద్దప్పది. అతను కళ్ళద్దాలు సర్దుకుని ఏ పేజీ అని అడిగాడు. కీర్తి పుస్తకం తెరిచి, పేజీ చూపించి, బయ్యమ్మ వైపు చూసింది. బయ్యమ్మ ఆ పేజీని కుట్టు దగ్గర బొటనవేలితో నొక్కి పట్టి, మెల్లగా, అంచు చెదరకుండా చింపింది. నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది. ఏదో తప్పు రాశారని, పుస్తకం మురళీధర్ వస్తే ఇచ్చెయ్యమని సిద్దప్పకు చెప్పింది. అతను సరేనని దాన్ని పెట్టె మీద పెట్టాడు.

మూడుంపావు బస్సు ఇద్దరినీ ఎక్కించుకుని కదిలింది. కీర్తి పలమనేరులో దిగి పిన్నమ్మకు ఫోను చేసి వచ్చింది. అబద్ధం సంగతి తెల్లవారి ఉమాశంకర్‌కు చెప్పాలని బయ్యమ్మ అనుకుంది. మూడు ఊళ్ళలో తన మాటకు ఇక విలువ ఉండకపోవచ్చు, పని కూడా పోవచ్చు. అనుకుంటే భయమేసింది. అయినా పుంగనూరు మలుపులో స్తంభం వచ్చినప్పుడు తల తిప్పుకోలేదు. నీ లెక్క సగం తీరిందిరా అని పెదవులు కదిలించింది. కీర్తి ఊళ్ళో దిగి, కిటికీ కిందికి వచ్చి, సోమవారం వస్తాను అని చెప్పి వెళ్ళింది.

జూన్ మూడో వారంలో సెంటరులో మొదటి తెర మీద అడ్డగీతలు వచ్చాయి. జూలైకి నాలుగు యంత్రాలు ఆగిపోయాయి. మురళీధర్ కీర్తి సంతకం కోసం నోటుపుస్తకాన్ని మొదటి నుంచి చివరికి, చివరి నుంచి మొదటికి తిప్పాడు. ఆటలాడే పిల్లలు రైలుస్టేషను పక్క సెంటరుకు వెళ్ళిపోయారు.

తలుపులు మూసిన ఆ గదిలో, కౌంటరు కింద, స్టీలు టిఫిను డబ్బా ఒకటి మిగిలిపోయింది. మూత మీద మేకుతో గీసిన పేరు కీర్తి. ఆమె 2006 మే పదకొండు, గురువారం మధ్యాహ్నం అక్కడి నుంచి వెళ్ళింది, మళ్ళీ రాలేదు.