రాణిగారి వాకిలి తెర

నేను ఒక తెరను. నాటకం మొదలయ్యేటప్పుడు ఈలల మధ్య పైకి లేచే పెద్ద తెరను కాదు. వేదిక వెనక, మేకప్ గది వాకిలికి కట్టే గుడ్డ తెరను. నాకు గడియ లేదు, తాళం లేదు. అయినా నాటకం అయిపోయాక జనమంతా నా ముందే ఆగుతారు. వేషగాళ్ళను దగ్గరగా చూడాలని నన్ను పక్కకు లాగి తొంగిచూస్తారు. జంతికలు తిన్న చేతులు నాకే తుడుస్తారు. తుడిచి, లోపలికి వెళ్ళి ఎంతో మర్యాదగా నమస్కారం పెడతారు.

పుట్టుకతో నేను చీరను. నన్ను చీరాలలో నేశారు. ముదురు గులాబీ రంగు, వెడల్పాటి అంచు, దూరం నుంచి బంగారంలా మెరిసే జరీ. దగ్గరికొస్తే అది బంగారం కాదని తెలిసిపోతుంది. నాటకానికి అది చాలు. అందుకే భ్రమరాంబ నన్ను కొనుక్కుంది.

మా నాటక సమాజం ఆడేది రాజ్యం పోగొట్టుకున్న ఒక రాణి కథ. భ్రమరాంబ ఆ రాణి. నన్ను కట్టుకుని, సింహాసనం మీద కూర్చుని ఆమె రాగం తీస్తుంటే ఆ ఊపిరి అందరికంటే ముందు నాకు తెలిసేది. కుచ్చిళ్ళ దగ్గర సన్నగా వణికేదాన్ని. ఒకసారి సింహాసనం మేకు తగులుకుని బారుగా చిరిగిపోయాను. ఆమె నన్ను పారేయలేదు. చిరుగు కుట్టి, పైన తాడు దూర్చి, మేకప్ గది వాకిలికి కట్టింది.

మా పద్యనాటకం చీకటి పడ్డాక మొదలై తెల్లవారేదాకా సాగుతుంది. అన్ని పద్యాలు ఒక్క గొంతు మోయలేదు. అందుకని ఒకే పాత్రను ఇద్దరు పంచుకుంటారు. రాణి కోటలో ఉన్నంతసేపు భ్రమరాంబ. అడవి పాలయ్యాక పద్మిని. చూసేవాళ్ళకు ఇది అలవాటే. రాణి ముఖం మారిందేమిటని ఎవరూ అడగరు.

నా చిరాకంతా ఇక్కడే. మొదటి రాణి పని సగంలోనే అయిపోతుంది. భ్రమరాంబ రంగు కడుక్కుని, మామూలు నూలు చీర కట్టుకుని, మిగతావాళ్ళ దుస్తులు మడతపెడుతూ కూర్చుంటుంది. తెల్లవారి జనం వచ్చేసరికి నగలతో, రంగుతో ఉన్న రాణి పద్మిని ఒక్కతే. అందరూ ఆమె చుట్టూ మూగుతారు. ఫొటో సరిగా రావడానికి భ్రమరాంబనే కొంచెం జరగమంటారు. కోటలో పాడిన పద్యాలకు కూడా పద్మినినే మెచ్చుకుంటారు. పద్మిని చెడ్డది కాదు. మొదట్లో, అవి పాడింది నేను కాదు, అక్క అని చెప్పేది. ఎవరూ వినిపించుకోకపోతే చెప్పడం మానేసింది.

మేనేజరు చెంచురామయ్య వాకిలి పక్కన కుర్చీ వేసుకుని ఇదంతా చూసేవాడు. పద్యం మంచిచెడ్డలు ఆయనకు తెలియక కాదు. కానీ ఎవరి కోసం ఎంతమంది నిలబడ్డారన్నదే ఆయన కొలత. పోయిన మాఘమాసంలో ఒక ఊరి బడిలో మాకు మేకప్ గది ఇచ్చారు. ఆ సాయంత్రం నన్ను కడుతున్న భ్రమరాంబతో ఆయన మెల్లగా అన్నాడు.

"అమ్మాయ్, వచ్చే ఏడాది నుంచి రాణి ఒక్కతే చాలనుకుంటన్నా. పద్యాలు కాసిని తగ్గిస్తే పద్మిని లాక్కొస్తది."

"నా గొంతు పోయిందా బాబాయ్?"

"గొంతు సంగతి కాదమ్మా. ఇన్నేళ్ళలో నీకోసం ఈ వాకిట్లోకి ఒక్కళ్ళన్నా వచ్చారా? రేపు తెల్లారి ఒక్కళ్ళు వచ్చి నిన్ను అడగనీ, నేను మళ్ళీ ఈ మాటెత్తను."

 ఆమె నా తాడు ముడి మామూలుకంటే గట్టిగా బిగించింది.

ఆ రోజు కోట దృశ్యంలో, పద్యం మధ్యలో కరెంటు పోయింది. మైకు మూగపోయింది. హార్మోనియం ఆయన కూడా చేతులు ఎత్తేశాడు. భ్రమరాంబ ఆపలేదు. ఆ చీకట్లో మైకు లేకుండానే పద్యం చివరిదాకా పాడింది. వెనక వరస చాపల మీద పడుకున్నవాళ్ళు కూడా లేచి కూర్చున్నారని తర్వాత చెప్పుకున్నారు.

తెల్లవారింది. జనం వచ్చారు, పద్మిని చుట్టూ చేరారు. అందరి వెనక ఒక పిల్ల వచ్చి నా పక్కన నిలబడింది. పేరు కోమలి అని తర్వాత తెలిసింది. ఆ బడిలోనే పదో తరగతి. చేతిలో ఒక పొట్లం, అందులో పటికబెల్లం, మిరియాలు. తనను దాటుకుని ఎంతమంది లోపలికి వెళ్ళివచ్చినా ఆమె కదలలేదు. నా అంచు పట్టుకుని, చెప్పాల్సిన మాట పెదవుల్లోనే వల్లె వేసుకుంటోంది. అంత దగ్గరున్నాను కాబట్టి నాకు వినపడింది.

'కరెంటు పోయినా మీరు ఆపలేదు కదా, ఆ పద్యం నాకు నేర్పుతారా.'

చెంచురామయ్య ఆమెకు జానెడు దూరంలో కూర్చుని ఉన్నాడు. ఆ మాట ఒక్కసారి పైకి అంటే చాలు. అనవే తల్లీ అని నేను లోపల ఎంత కొట్టుకున్నానో. గుడ్డ ఎంత కొట్టుకున్నా గాలి అనుకుంటారు.

అప్పుడే భ్రమరాంబ బకెట్ పట్టుకుని బయటికి వచ్చింది. ఆ పిల్ల ధైర్యమంతా కూడగట్టుకుని సరిగ్గా ఆమెనే అడిగింది.

"అక్కా, రాణిగారు లోపల ఉన్నారా?"

భ్రమరాంబ బకెట్ కింద పెట్టింది. "ఉందమ్మా, నగలు తీస్తంది. పో, ఏమీ అనదులే," అని తనే నన్ను పక్కకు తీసి దారి ఇచ్చింది. చెంచురామయ్య ఆమె వైపు చూసి తల దించుకున్నాడు.

లోపల పద్మిని ఏ ఊరు పాపా అని అడగ్గానే పిల్లకు అర్థమైంది. ఆ గొంతు ఇది కాదు. కానీ అంతమంది ముందు, నేను వచ్చింది మీకోసం కాదని ఎలా అంటుంది? పొట్లం ఆమె చేతిలో పెట్టి, తల వంచుకుని బయటికి వచ్చేసింది. తనకు మిరియాలు పడవని పద్మిని ఆ పొట్లం భ్రమరాంబకు ఇచ్చింది. వస్తువు చేరాల్సిన చేతికే చేరింది. మాట దారిలో పడిపోయింది.

జనం పలచబడ్డారు. చెంచురామయ్య మా సామాను లారీ ముందు సీట్లోకి ఎక్కి కునుకు తీశాడు. భ్రమరాంబ పటికబెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని, బల్ల ఎక్కి నా తాడు విప్పుతూ కోట పద్యం మెల్లగా అందుకుంది. బోరింగ్ దగ్గర ముఖం కడుక్కుంటున్న పిల్ల అలాగే నిలబడిపోయింది. తర్వాత తడి ముఖంతోనే వచ్చింది.

"కరెంటు పోయినప్పుడు పాడింది మీరేనా అక్కా?"

"నేనే తల్లీ."

"నేను వచ్చింది మీకోసమే."

భ్రమరాంబ నన్ను గుండెకు అదుముకుని ఉంది. చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ ఆ ఊపిరికి వణికాను. చెంచురామయ్య గురక ఇక్కడికి వినిపిస్తోంది. పిలిస్తే లేస్తాడు. నాలుగు అడుగులు వేస్తే లారీ. ఆమె వెయ్యలేదు. అద్దంకిలో తన ఇల్లు ఎక్కడుందో పిల్లకు గుర్తులు చెప్పింది, పెట్టె సర్దుకుంది, అంతే. ఎందుకు లేపలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నోరు లేక నేను చచ్చిపోతుంటే, నోరున్న మనుషులు దాన్ని కావలసినప్పుడు వాడరు.

ఈ ఏడాది నుంచి రాణి పద్మిని ఒక్కతే. మేకప్ గదికి కొత్త తెర వచ్చింది. దాని మీద పద్మిని ఫొటో వేయించారు. పాత గుడ్డ ఎవరికని అడిగితే భ్రమరాంబ నన్ను తీసుకుంది. ఇప్పుడు ఆమె ఇంటి వాకిలికి వేలాడుతున్నాను. ఇక్కడ నాకు ఎవరూ చేతులు తుడవరు. తుడవడానికి ఎవరూ రారు కూడా.

ఆదివారాలు మాత్రం కోమలి మొదటి బస్సుకు దిగుతుంది. ఇన్ని వారాలు వచ్చినా పిలవడం మాత్రం నేర్చుకోలేదు. ఇవాళా అంతే. చెప్పులు విప్పి, నా అంచు పట్టుకుని నిలబడింది. లోపల భ్రమరాంబ బియ్యం చెరుగుతూ, ఈ పిల్ల ఇవాళ రాలేదేమిటని గొణుక్కుంటోంది. ఇద్దరి మధ్యా నేను. గాలి కూడా లేదు. పిలవవే పిల్లా.

ఆమె పిలవలేదు. పోయిన వారం నేర్చుకున్న రాగం తప్పు పోకుండా పెదవుల్లోనే ఒకసారి తీసి చూసుకుంది. ఆ ఊపిరి తగిలి, ఒకప్పటి కుచ్చిళ్ళ దగ్గర, నేను సన్నగా వణికాను.

లోపల చేట చప్పుడు ఆగింది.