అరువు గుండిగ

నేను ఒక ఇత్తడి గుండిగను. చూసినవాళ్లు పూలకుండీ అంటారు. ఒంటికి నీలం రంగు, కడుపులో మట్టి, నెత్తిన గడ్డి గులాబీలు. ఇలా నలుగురి ముందూ కూర్చోవడం నాకు సిగ్గుగా ఉంటుంది.

నేను పుట్టింది ఇత్తడి సామాన్లకు పేరుపడ్డ అజ్జరంలో. శేషారత్నం గారు కొట్లో నన్ను వేలితో తట్టి, మోత విని మరీ కొనుక్కున్నారు. వీధిలో ఎవరింట వ్రతమైనా, అన్నప్రాసనైనా పులిహోర నాలోనే కలిపేవారు. కళాయి పోయినప్పుడల్లా ఆవిడే పూయించేవారు. నన్ను పట్టుకెళ్లినవాళ్లెవరూ ఆ మాట ఎత్తేవారు కాదు.

అదే వీధిలో ఉండే హైమవతి తన గృహప్రవేశానికి నన్ను అడిగి తెచ్చుకుంది. మర్నాడే చింతపండుతో తోమి, గుమ్మం దాకా తెచ్చి ఆగిపోయింది. అరువు తెచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. పంచదార వేసిద్దామంటే ఇంత గుండిగలో అది అడుక్కి కూడా ఆనదు. అరిసెలు వండి నింపుదామనుకుంది. తర్వాత, మామిడిపళ్లు రానీ అనుకుంది. పళ్లు వచ్చాయి, పోయాయి. ఆలస్యమైన కొద్దీ మరింత ఘనంగా నింపి ఇవ్వాలనిపించేది ఆమెకు. ఆ మర్యాద పెరిగి పెరిగి నన్ను అటకెక్కించింది. శేషారత్నం గారికి అడగాలంటే మొహమాటం.

ఆపైన హైమవతికి తోట పిచ్చి పట్టుకుంది. మిక్సీ జారులో మనీప్లాంటు నాటింది. చిరిగిన బూటులో తులసి పెట్టబోయి నాలిక కరుచుకుని కలబంద పెట్టింది. చివరికి నన్ను దించింది. భర్త భాస్కరం డ్రిల్లు చేతిలో పట్టుకుని, "ఇది మనదేనా?" అని అడిగాడు.

"ఎప్పటిదో లెండి" అంది.

డ్రిల్లు కన్నా ఆ మాటే నాకు లోతుగా దిగింది. రంగు మాత్రం తనే వేసింది, అంచు లోపలికంటా, ఇత్తడి ఎక్కడా కనబడకుండా.

మొన్న శేషారత్నం గారు కుంకుమ భరిణె పట్టుకుని పిలుపులకు వచ్చారు.

"ఆదివారం మా అమ్మాయి సీమంతమే హైమా. పులిహోర ఇంట్లోనే కలుపుదామనుకుంటున్నా. అందుకని..." అంటూ తోట చూసి ఆగారు. "ఎంత ముచ్చటగా పెట్టావే."

ఆవిడ చెయ్యి వచ్చి నా అంచు కింద ఆనింది, పొయ్యి మీంచి దించేటప్పుడు పట్టుకున్నట్టే.

"ఇదెక్కడిది?"

"పాత సామాన్ల కొట్లో దొరికింది వదినా."

ఆవిడ చెయ్యి తీసేశారు. "బాగుంది. మంచి బరువైనదే దొరికింది" అన్నారు. హైమవతికి బొట్టు పెట్టి గేటు వైపు నడిచారు. నన్ను అడగడానికే వచ్చిన మనిషి, అడగకుండా వెళ్లిపోతున్నారు.

హైమవతి చెప్పులైనా వేసుకోకుండా వెనకాలే వెళ్లింది. "వదినా, అది మీ గుండిగే."

"తెలుసులేవే" అన్నారావిడ గేటు గడియ తీస్తూ. "అడుగున చిల్లులు పెట్టించావు కదా? లేకపోతే వేళ్లు కుళ్లిపోతాయి. ఆదివారం పెందలాడే రా. వంట దగ్గరికి ఓ మనిషి సాయం కావాలి."

హైమవతి తిరిగి వచ్చి నా ముందు నిలబడింది. "ఏ మొహం పెట్టుకుని వెళ్లను?" అంది. ఇంట్లో ఎవరూ లేరు. ఏం చెయ్యాలో తోచక నాకు చెంబుడు నీళ్లు పోసింది. వీధి మొత్తానికి వండిపెట్టినదాన్ని, ఆ చెంబుడు నీళ్లు కూడా నిలుపుకోలేకపోయాను. అవి బురదై ఆమె పాదాల కిందికి పారుతుంటే, ఆమె పక్కకి జరగలేదు.