ఎవరికీ చెప్పని నంబరు

“గ్రైండర్లో రుబ్బితే ఇడ్లీ రబ్బరు మాదిరి ఉంటాదంట మే” అంది మా అత్త వరలక్ష్మమ్మ, గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుంటూ. నేను రుబ్బురోలు ముందు కూర్చుని మినప్పిండి లోపలికి తోస్తున్నాను. పొద్దుటి నుంచి ఆస్పత్రి ల్యాబులో నిలబడి జనం రక్తం తీసి, సిటీ బస్సులో నిలబడి తిరుపతి ఈ చివరి నుంచి ఆ చివరకు వచ్చి, చీర కూడా మార్చుకోకుండా రోటి ముందు కూలబడ్డాను. ఇంట్లో రుచి గురించి మాట్లాడే మగవాళ్ళెవరూ ఆ రాయి తిప్పి ఎరగరు. అత్త తిప్పింది. పాకాల రైల్వే క్వార్టర్లలో మామ బతికున్నంతకాలం తిప్పి, మోకాళ్ళు అరగదీసుకుంది. తనకు జరిగింది నాకూ జరగడమే న్యాయమని ఆమె లెక్క.

“గ్రైండరు గావాల్నంటనా? కంప్యూటర్లో జీతం పోగొట్టింది చాల్లేదా?” అన్నాడు మా ఆయన యోగానంద గదిలోంచి.

పోగొట్టింది నేను కాదు. నా జీతం పడే ఖాతా నా పేరు మీద ఉంది గానీ, దాని ఏటీఎం కార్డు మొదటి నుంచీ ఆయన చొక్కా జేబులోనే ఉండేది. రహస్య సంఖ్య ఆయన పుట్టిన సంవత్సరం. ఇంట్లో అందరికీ తెలుసు. జీతం పడిన రోజు మరిది గిరిప్రసాద్ పోయి తీసుకొచ్చేవాడు. రోజూ పొద్దున బస్సు ఛార్జీలకని నా చేతిలో కొంత పెట్టి, “నిన్నటి చిల్లర ఏమైంది?” అని అడిగేవాడు ఈయన. రెండు నెలల కిందట నెట్ సెంటర్లో ఆయనకు ఒక మెయిల్ వచ్చింది. కెమెరా ఫోను సగం ధరకే, ఈ ఒక్కరోజే అని. అందులోని లింకు నొక్కి, కార్డు మీది అంకెలూ వెనక అంకెలూ, చివరికి రహస్య సంఖ్య కూడా కొట్టేశాడు. సాయంత్రానికి ఖాతాలో ఏమీ మిగల్లేదు. రెండు రోజులు ముద్ద సరిగా మింగలేదు, పాపం. నేనూ ఒక్క మాట అనలేదు.

ఆ వారమే పాకాలలో చుట్టాలింట్లో బారసాల. పంక్తిలో కూర్చుని ఆయనే మొదలుపెట్టాడు. “మా ధరణి కంప్యూటర్లో ఏందో కొనబొయ్యి జీతమంతా పోగొట్టిందప్పా.” నేను మజ్జిగ వడ్డిస్తూ అక్కడే ఉన్నాను. గిరిప్రసాద్‌కు అసలు సంగతి తెలుసు. అయినా, “ఏం వదినా, ఫోను వచ్చిందా, ఖాళీ డబ్బా వచ్చిందా?” అన్నాడు. పంక్తంతా నవ్వింది. పదిమందిలో మొగుడి పరువు కాపాడాలని చిన్నప్పటి నుంచీ నేర్పారు నాకు. మరి నా పరువు ఎవరు కాపాడాలో ఎవరూ నేర్పలేదు. ఆ ఇంటి నుంచి ఆ ఇంటికి మాట పాకి, పుత్తూరులో మా అక్క కూడా ఫోన్ చేసి, “చదువుకున్నదానివి, అంత తెలివి లేకపోతే ఎట్లా మే?” అంది. అప్పుడు కాలింది నాకు. డబ్బు పోయినందుకు కాదు. ఆయన తప్పును కూడా మోయాల్సినదాన్ని నేనే అయినందుకు.

రోటి దగ్గర ఆ మాట పడ్డ వారంలోనే బ్యాంకు నుంచి కబురొచ్చింది, పాత కార్డు ఆపేశారు కాబట్టి కొత్తది తీసుకోవడానికి ఖాతాదారే రావాలని. సంతకం కోసం కాకుండా నా పని మీద నేను బ్యాంకుకు వెళ్ళడం అదే మొదలు. కౌంటర్లో నా వయసామె కవరు చేతికిస్తూ, “ముందు సంఖ్య మార్చుకోమ్మా. ఎవరికీ చెప్పొద్దు” అంది.

“ఎవరికీనా?”

ఆమె కళ్ళద్దాల మీదుగా నన్ను చూసి, “నేను మా ఇంటాయనకు చెప్పలా. ఆయన బాగనే ఉండాడు” అంది.

పక్కనే ఉన్న ఏటీఎంలో నాలుగు కొత్త అంకెలు నొక్కాను. నొక్కేటప్పుడు రెండుసార్లు వెనక్కి చూసుకున్నాను, దొంగతనం చేస్తున్నట్టు. నా జీతాన్నే.

గ్రైండరు ధర కనుక్కుందామని గాంధీ రోడ్డులో మూడు కొట్లు తిరిగాను. ఒకాయన బొమ్మల కాగితం చూపించి, నేను ధర అడగ్గానే, “సారును పిల్సుకోని రామ్మా, మాట్లాడుకుందాం” అన్నాడు. ఆ మాట ల్యాబులో రిసెప్షన్ సమీరాకు చెప్తే పడీ పడీ నవ్వి, ఆదివారం వాళ్ళింటికి రమ్మంది. వాళ్ళింట్లో కంప్యూటరు ఉంది.

“నెట్ సెంటర్లో కార్డు నంబరు కొట్టొద్దక్కా. మెయిల్లో వచ్చే లింకులు ముట్టుకోవద్దు, సైటు పేరు మనమే కొట్టాల. డబ్బు కట్టే పేజీలో ఈ తాళం బొమ్మ ఉండాదా, సూడు. ఏటీఎం సంఖ్య ఏ అంగడోడూ అడగడు, అడిగితే దొంగే. సగం ధరకిస్తానన్నోడు మొత్తం తీసుకుంటాడు” అంది. రవాణా ఖర్చు కలిపి చూసుకున్నాం. రిపేరు చేసేవాళ్ళు తిరుపతిలో ఉన్నారో లేదో ఫోన్ చేసి కనుక్కున్నాం. అన్నీ కలుపుకున్నా కొట్టు ధర కంటే తొమ్మిది వందలు తక్కువని తేలాక, నా కార్డుతోనే గ్రైండరు ఆర్డరు పెట్టాను. అంతసేపూ ఆ తెర ఒక్కసారి కూడా సారెక్కడని అడగలేదు.

పెట్టె వచ్చిన రోజు ఆయన ఇంట్లోనే ఉన్నాడు. పెట్టె మీద నా పేరు చూసి, “కార్డు వచ్చిందా? యాడుండాది? ఇట్లియ్యి” అన్నాడు.

“నా దగ్గరే ఉంటాది.”

“సరే, నంబరేమి?”

“చెప్పను.”

“మొగుడ్నే నమ్మవా?”

“నమ్మి ఒకసారి ఇస్తిని గదా. పోయినాది. పోగొట్టింది నేనని పాకాలంతా చెప్పుకుంటిరి. ఇంటి ఖర్చు నా వంతు నేనే తెచ్చి పెడతా. పుత్తూరికి ఫోన్ చేసి జరిగిందేందో మా అక్కకు చెప్పినా. మీ చుట్టాలకు మీరు చెప్తారో, నన్ను చెప్పమంటారో మీ ఇష్టం.”

ఆయన అత్త వైపు చూశాడు. “చూస్తాండావా అమ్మా, దీనికి నోరెంత లేసిందో?”

అత్త మోకాళ్ళు రుద్దుకుంటూ నా వైపు చూసింది. ఆయన చెప్పులేసుకుని విసురుగా బయటికి పోయాడు. కొంతసేపటికి ఆమె గోడ పట్టుకుని లేచి నా దగ్గరికి వచ్చింది. గ్రైండరు వైపు చూడనైనా లేదు. గొంతు తగ్గించి, “మే ధరణీ, మీ మామ పింఛను గూడా నీ మొగుడే తీసకొస్తాండాడు. ఎంతొస్తాదో నాకింతవరకూ తెలీదు. ఆ నంబరు మార్చేది నాకూ నేర్పిస్తావా?” అంది.

ఆ ముసలి మొహంలో భయం, దాని వెనక ఒక చిన్న దొంగ మెరుపు.

“రేపు బ్యాంకుకు పోదాం అత్తా. పాతది ఆపించి కొత్త కార్డు అడుగుదాం, నీ చేతికే ఇస్తారు. అంకెలు నువ్వే నొక్కాల, నేను తలుపు బయట నిలబడతా” అన్నాను. “నాకు గూడా చెప్పొద్దు.”