ఈశాన్యంలో పొగగొట్టం

ముప్పై ఏళ్లు సివిల్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను కదా, మనవాళ్లెవరు పాత ఇల్లు కొన్నా వాస్తు కోసం అమెరికాలో, నార్త్ కరోలినాలోని క్యారీలో ఉన్న నాకే వీడియో కాల్ చేస్తారు. ఆదిశేషు అంకుల్ చెప్పాడంటే ఇక తిరుగులేదు. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే, ఒప్పుకుంటాను.

బిందుమాధవి, శ్రీవత్స దంపతులు జార్జియాలోని సవానాలో పాత ఇల్లు కొన్నారు. విక్టోరియా రాణి తొలినాళ్ల పద్ధతి. ఒకదానికొకటి అతుక్కుని నాలుగిళ్లు, లోపలంతా ఇటుక, పైన సున్నపు పూత, ఆ పూత మీద రాళ్లు పేర్చినట్టు గీతలు. ఏం వేషమో! ముందుగదిలో ఈశాన్యం మూల చలికి మంట వేసుకునే ఇటుక ఫైర్‌ప్లేస్‌ని ఫోన్‌లో చూపించారు. ఈశాన్యంలో నిప్పేమిటయ్యా, గృహప్రవేశంలోపు పీకించెయ్యమన్నాను.

గృహప్రవేశం రోజు పొద్దున్నే డ్రైవ్ చేసుకుని వెళ్లి, కారు దిగి తలెత్తి చూశాను. కప్పు మీద నిలువెత్తు ఇటుక పొగగొట్టం అలాగే ఉంది. కారు తలుపు కూడా వెయ్యకుండా లోపలికి నడిచాను.

లోపల శ్రీవత్స మురిసిపోతూ చూపించాడు. కింద ఇటుకలన్నీ నేలదాకా తీయించాడట. పై గదిలోంచి వెళ్లే ఇటుక గొట్టాన్ని మాత్రం చూడ్డానికి బాగుందని ఉంచేశారట. దాని పక్కనే ఉయ్యాల, అందులో వాళ్ల ఏడాది పిల్ల వేద నిద్రపోతోందట.

గబగబా మెట్లెక్కాను. పిల్ల దుప్పటి మీద సన్నటి సున్నప్పొడి. గోడలో వేలు పట్టేంత పగులు. నేను చూస్తుండగానే ఇంకాస్త పొడి రాలింది.

వేదని ఎత్తుకుని కిందికొచ్చి, అందర్నీ వీధిలోకి నడవమన్నాను. శ్రీవత్స కదల్లేదు. పాలు పొంగించే ముహూర్తానికి పది నిమిషాలే ఉందన్నాడు. కాంట్రాక్టర్ పర్లేదన్నాడట. అయినా మీరు చెప్పిందే కదంకుల్ చేశాం అంటూ నా మొహంలోకి చూశాడు.

"నేను చెప్పింది తప్పు," అన్నాను. "పైనున్న బరువంతా మోసేది ఆ ఇటుకలే. పైన ఏముందో నేను చూడలేదు, అడగనూ లేదు."

స్టవ్ ఆపి, పిలుపుకి వచ్చినవాళ్లతో సహా ఇరవై మందీ బయటికొచ్చారు. లోపల దబదబమని ఏదో కూలింది. బిందుమాధవి పిల్లని నా చేతుల్లోంచి లాక్కుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"అంకుల్, ఇలా ఇంకెవరికి చెప్పారు?" అంది.

చార్లెస్టన్‌లో ధృవ్ వాళ్లకి. ఇలాంటి ఇల్లే. పని అయిపోయిందని మొన్ననే మెసేజ్ పెట్టాడు. వాళ్ల గృహప్రవేశం కూడా ఈ ముహూర్తానికే, పెట్టింది నేనే. ఫోన్ చేశాను. రింగ్ అవుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు.